హైవే పక్క చోటు

"బాబూ, నీ చోటు నాకిచ్చి నా చోటు నువ్వు తీసుకుంటావా?"

టెంటు మేకు కొడుతున్న ట్రెంట్ సుత్తి ఆపి తలెత్తాడు. అరవై దాటిన మనిషెవరో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పేరు లైల్ అన్నాడు.

"మీదెక్కడ?"

"నది ఒడ్డునే. చివర్న, కాటన్‌వుడ్ చెట్ల కింద."

ట్రెంట్‌కి నమ్మబుద్ధి కాలేదు. శుక్రవారం వచ్చిందంటే ఐడహోలో సగం జనం ఈ క్యాంపులో నది ఒడ్డున టెంటు వేసుకునే చోట్ల కోసమే కార్లు తోలుకొస్తారు. ముందొచ్చిన వాళ్ళదే చోటు. బాయిసీలో బయల్దేరడం ఆలస్యమై ట్రెంట్‌కి హైవే పక్కనున్న ఈ చోటు మిగిలింది. లారీ వెళ్ళినప్పుడల్లా అక్కడ పాతి ఉన్న చెక్కబల్ల మీద కాఫీ కప్పు గజగజలాడుతోంది.

"నది నాకిచ్చి లారీల పొగ మీరు పుచ్చుకుంటారా? ఏముందక్కడ, ఎలుగుబంటా?"

"లేదు."

"కందిరీగలా?"

"లేవు బాబూ."

"అయితే పక్కవాళ్ళు జనరేటరు మోగిస్తుంటారు."

"పక్కన ఇద్దరు అక్కచెల్లెళ్ళు. స్వెట్టర్లు అల్లుకుంటున్నారు."

"అంత మంచి చోటు అసలు మీకెలా దొరికింది?"

"ఇందాకే ఓ కుటుంబం ఖాళీ చేసి వెళ్ళింది. పిల్లకి జ్వరమట."

"జ్వరమా! అంటుజ్వరమేమో!"

పిలిచి పిల్లనిస్తానంటే వంకలు వెతికే రకం ట్రెంట్. లైల్‌కి బేరమాడడం బొత్తిగా చేతకాదు. అందుకే ఇంకో మెట్టు దిగాడు.

"పోనీ, ఓ మోపు కట్టెలు కూడా ఇస్తాను. మా ఆవిడ హకిల్‌బెర్రీ పళ్ళతో చేసిన తీపి రొట్టె ఉంది, అదీ నీకే."

ట్రెంట్‌కి అనుమానం ముదిరింది.

"ఆవిడేరీ?"

"పనిలో ఉంది."

"పెద్దాయనా, ఇంత ధర్మం ఎవరూ ఊరికే చెయ్యరు. అసలు సంగతి చెప్పండి."

లైల్ కొండ వైపు చూశాడు. ఎండ శిఖరం అంచుకు చేరింది.

"ఈ సాయంత్రం నేనూ, నా పసుపు టెంటూ ఇక్కడే ఉంటామని ఒకరికి మాటిచ్చాను. దారిలో టైరు పేలి ఆలస్యమైంది. ఎవరికి, ఎందుకు అని అడక్కు. అయ్యేదాకా నోరు విప్పనని ఇంకో మాట కూడా ఇచ్చాను."

ట్రెంట్ తిన్నగా క్యాంపు చూసుకునే నోరీన్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కుళాయి దగ్గర బకెట్లు కడుగుతోంది.

"నది ఒడ్డున చివరి చోట్లో ఎవరైనా చచ్చారా?"

"నిన్న ఓ ట్రౌట్ చేప చచ్చింది. వేయించుకుని తినేశారు. ఏం?"

"ఆ పెద్దాయన అది నాకిచ్చేసి హైవే పక్కది కావాలంటున్నాడు."

నోరీన్ నవ్వింది. "ఇదివరకు ఓ ఆవిడ కూడా అంతే, ప్రతి వేసవీ వచ్చి ఆ హైవే చోటే కావాలని నా ప్రాణం తీసేది. ఇప్పుడీయన దాపురించాడు. ఎవరి పిచ్చి వారికానందం. నీకు నది వద్దంటే చెప్పు బాబూ, నేనే వెళ్ళి పడుకుంటా."

ట్రెంట్ వెనక్కి వచ్చేసరికి లైల్ అక్కడే, అదే టోపీతో నిలబడి ఉన్నాడు. ముఖం వాడిపోయింది.

"బాబూ, హైవే మీద వచ్చేవాళ్ళకి కొండ మీది ఆ మలుపు తిరగ్గానే చెట్ల సందులోంచి కనబడేది ఈ ఒక్క చోటే. నా టెంటు కనబడకపోతే ఆ మనిషి గుండె జారిపోతుంది. ఇవాళ జారకూడదు. ఇంకేం చెప్పను?"

అంతలో కలప లారీ ఒకటి హోరుమని దూసుకుపోయింది. బల్ల మీది కాఫీ ఒలికి ట్రెంట్ బూట్లలోకి కారింది. ట్రెంట్ బూట్ల వైపు చూశాడు, లైల్ వైపు చూశాడు, మేకు పీకేశాడు.

లైల్ ఆ వయసులో అంత చురుగ్గా ఎలా కదిలాడో గాని, చూస్తుండగానే అతుకుల పసుపు టెంటు లేచి నిలబడింది. దాని ముందు కుర్చీ వేసుకున్నాడు. నదికి వీపు, హైవేకి ముఖం. ట్రెంట్ తన సామానంతా నది ఒడ్డుకు చేరవేసి, రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాక కూడా అనుమానం తీరక, పళ్ళెం పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

కొండ మీది మలుపులో దీపాలు వెలిగాయి. నీలం రంగు పెద్ద లారీ ఒకటి, వాలులో ఇంజను ఉగ్గబట్టుకుని జాగ్రత్తగా దిగుతోంది. లైల్ కుర్చీలోంచి లేచాడు. కుర్చీ చాలలేదు, బల్ల ఎక్కాడు. టోపీ గిరగిరా తిప్పాడు.

"ఇక్కడ! ఇక్కడున్నా!"

లారీ హారన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి లోయంతా దద్దరిల్లేలా. కిటికీలోంచి ఓ చెయ్యి బయటికొచ్చి ఊగింది. ఊగుతూనే బండి ముందు మలుపు కూడా చక్కగా తిరిగి వెళ్ళిపోయింది. అల్లికలు వదిలేసి అక్కచెల్లెళ్ళు పరిగెత్తుకొచ్చారు. సంగతేమిటో తెలియకుండానే నోరీన్ చప్పట్లు కొట్టింది.

లైల్ బల్ల మీదే గంతులేస్తున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోనైనా లేదు.

"తిరిగింది! మలుపు తిరిగింది! నాలుగుసార్లు లారీ లైసెన్సు పరీక్ష తప్పిందని ఊరంతా నవ్వారు బాబూ, నవ్వమను ఇప్పుడు! ఇదే మొదటి లోడు!"

"ఎవరు? మీ అమ్మాయా?" ట్రెంట్ అడిగాడు.

"అమ్మాయేమిటోయ్, నువ్వు తింటున్న రొట్టె చేసిన మనిషి! ఇన్నేళ్ళూ ఆ లారీ తోలుతూ హారన్ కొట్టింది నేను, ఈ బల్లెక్కి చెయ్యూపింది మా ఆవిడ!"