రెండు వేళ్ల సందు

ఆదివారం పొద్దున్నే దర్జీ తన బూడిదరంగు పాంటు తొడుక్కుని, వంటగది గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాంటు నడుం పట్టీలోకి రెండు వేళ్లు దూర్చింది.

నాలుగు నెలలుగా వాళ్లింట్లో తూకం ఇదే.

అప్పట్లో డాక్టరు రిపోర్టు చూసి, "నడుం తగ్గాలి మాస్టారూ! ఈ షుగరు ఇలాగే ఉంటే ముందు దెబ్బ తినేది మీ కళ్లే. సూదిలో దారం ఎవరెక్కిస్తారు మరి?" అన్నాడు.

దర్జీ నవ్వేశాడు. భార్య నవ్వలేదు.

ఇంటికి రాగానే ఆయన టేపు తీసి నడుముకి చుట్టుకోబోతే, చేతిలోంచి లాగేసుకుంది.

"ముప్పై ఏళ్లుగా మీ మెడలో వేలాడుతున్న టేపు ఇది. మీరెంత చెప్పమంటే అంతే చెప్తుంది. పాంటైతే అబద్ధమాడదు."

ఆ రోజు ఈ పాంటులో చిటికెన వేలు కూడా దూరలేదు.

మర్నాటి నుంచే చప్పిడి తిండి మొదలైంది. ఉడకబెట్టిన కూరగాయలు, పచ్చి ఆకులు, పంచదార లేని టీ. ఆమెకి ఏ జబ్బూ లేదు. అయినా తన కంచంలోనూ అవే వడ్డించుకుంది.

"నీకెందుకే ఈ శిక్ష?" అన్నాడు.

"మీరు నోరు కట్టుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా?" అంది.

నెలరోజులు ఆయన నిజంగానే నోరు కట్టుకున్నాడు. పాంటులో ఒక వేలు దూరింది. ఆమె ఎదురింటావిడని పిలిచి మరీ చెప్పుకుంది.

డాక్టరు సాయంత్రం పూట నడవమని కూడా అన్నాడు. నడక మాత్రం దర్జీ ఒక్కరోజు కూడా మానలేదు. రోజూ కొట్టు నుంచి బేకరీ దాకా నడిచేవాడు.

నెల దాటాక ఒకరోజు అక్కడ ఒక్క క్రీం బన్ను తిన్నాడు. ఒక్కటే కదా అనుకున్నాడు. రెండు వారాలు తిరిగేసరికి, బేకరీ అతను ఈయన్ని మలుపులో చూడగానే ప్లేటులో రెండు పెట్టడం మొదలుపెట్టాడు.

ఒక శనివారం కొట్లో కూర్చుంటే పాంటు నడుం దగ్గర పట్టేసింది. మర్నాడు ఆదివారం.

షట్టరు దించి, పాంటు విప్పి, అంత పెద్ద మనిషీ చెడ్డీతో మిషను ముందు కూర్చున్నాడు. ఒళ్లు చేసే కస్టమర్ల కోసం దర్జీలు నడుం వెనకాల, లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతారు. కుట్టు విప్పి, ఆ గుడ్డలోంచి అంగుళం వదిలి మళ్లీ కుట్టాడు.

ఆదివారం రెండు వేళ్లు దూరాయి.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూశారా! పడ్డ కష్టం ఊరికే పోలేదు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పటికే ఆమె ఎదురింటి తలుపు తడుతోంది.

ఆ తర్వాత మళ్లీ పట్టేసింది. మళ్లీ విప్పాడు.

నిన్న విప్పితే లోపల మడవడానికి గుడ్డే లేదు. ఉన్నదంతా వదిలేసి, అంచు మీదే కుట్టు వేశాడు. ముప్పై ఏళ్లలో ఒక్క కస్టమరుకి కూడా కొలత తప్పు చెప్పని మనిషికి, కుడుతున్నంతసేపూ తన మీద తనకే రోత పుట్టింది.

ఇవాళ కూడా రెండు వేళ్లు దూరాయి.

ఆమె కాసేపు వేళ్లు అక్కడే ఉంచి, తీసేసింది. ఈమధ్య ఏమీ అనడం లేదు, ఎదురింటికీ వెళ్లడం లేదు. ఆమె పనిచేసే ఆసుపత్రి వార్డులో పని ఎక్కువైందేమో అనుకున్నాడు.

"ఏమండీ, నా యూనిఫాం కోటు కాస్త బిగించి పెడతారా? మరీ వదులైపోయింది. వార్డులో అందరూ నవ్వుతున్నారు."

కోటు వేసుకొచ్చి ఎదురుగా నిలబడింది. భుజాల మీంచి జారిపోతోంది.

ఆయన ఆమె నడుం చుట్టూ టేపు పెట్టి చూశాడు. తీసి మళ్లీ పెట్టాడు. ఈ కోటు కుట్టింది తనే. ఆమె కొలతలకి ఆయన పుస్తకం చూడక్కర్లేదు.

నాలుగంగుళాలు తగ్గింది.

మెడ దగ్గర ఎముకలు తేలాయి. బుగ్గలు పీక్కుపోయాయి. రోజూ ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని ఇన్నాళ్లూ తను చూడనేలేదు.

"ఇంతలా చిక్కిపోయావేంటి?"

"మీరు తిన్నదే తిన్నాను కదండీ."

నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. తలెత్తలేక సూదీ దారం అందుకున్నాడు.

దారం బెజ్జంలోకి పోలేదు. కొస నోట్లో పెట్టి తడిపాడు. మళ్లీ పోలేదు. వెలుతురు చాలడం లేదనుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు.

బయట తీగ మీద తన చొక్కాలు, పాంట్లు ఆరేసి ఉన్నాయి. అన్నీ తిరగేసే ఉన్నాయి. రంగు వెలిసిపోకుండా ఆమె ఎప్పుడూ ప్రతి బట్టనీ తిరగేసే ఉతుకుతుంది, తిరగేసే ఆరేస్తుంది.

లోపలి కుట్లన్నీ ఎండలో ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆమె వచ్చి సూది తీసుకుంది. ఒక్కసారికే దారం ఎక్కించి, ఆయన వేళ్ల మధ్య పెట్టింది. కోటు విప్పి, మడిచి, ఆయన పక్కన ఉంచింది.

"నా కోటులోంచి తీసిన గుడ్డ పారేయకండి," అంది మెల్లగా. "మీ పాంటులో అయిపోయిందిగా."