మూడు డిగ్రీల తేడా

కోడలు టిఫిన్ డబ్బా మూతకు బెజ్జం పెడుతుంటే పెద్దాయనకు నవ్వు ఆగలేదు.

"ఏంటమ్మా అది, బాంబా?"

"చేపల తొట్టికి కంట్రోలర్, మావయ్యగారూ. నీళ్లు ఇరవై తొమ్మిది డిగ్రీల కంటే చల్లబడితే హీటర్ దానంతటదే వెలుగుతుంది. వేడెక్కితే ఆగిపోతుంది."

"ఎవరు నేర్పారు?"

"వీడియో చూసి నేర్చుకున్నా."

పెద్దాయన కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే పిల్ల, వీడియో చూసి ఉష్ణోగ్రతను అదుపులో పెడుతుందట! అదీ ఎవరింట్లో? ముప్పై ఒక్క ఏళ్లు థర్మామీటర్ల కార్ఖానాలో తనిఖీ అధికారిగా చేసిన మనిషి ఇంట్లో!

ఆయన అడుగుల చప్పుడు వింటేనే కార్ఖానాలో పనివాళ్లకు చెమటలు పట్టేవి. అర డిగ్రీ తేడా వచ్చినా వదిలేవాడు కాదు. వజ్రపు మొన ఉన్న కలం తీసి, తప్పు ఎంతో గాజు మీదే గీకి, కింద సంతకం పెట్టేవాడు. చేసినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి, "నీకు రెండు చేతులెందుకురా, దండగ" అనేవాడు. రిటైరై ఆరేళ్లయినా ఆ కలం ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

కోడలు మాత్రం పట్టు వదల్లేదు. కుట్టుమిషను పక్కకు జరిపి, తీగలు అతికింది. ఒకసారి ఫ్యూజు పోయింది. ఒకసారి వేలు కాలింది. రెండుసార్లూ పెద్దాయన కాఫీ తాగుతూ చోద్యం చూశాడు. చివరికి ఆ పిల్ల సెన్సర్‌ను ఐసు నీళ్లలో ముంచింది, డబ్బా మీద సున్నా కనిపించింది, డబ్బా తొట్టి పక్కన గోడకెక్కింది.

తొట్టిలో ఉన్నవి రెండే చేపలు. పళ్లెంలా గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి. గోరంత ఉన్నప్పుడు తెచ్చి నాలుగేళ్లుగా పెంచింది కోడలు. నీళ్లు చల్లబడితే అవి బతకవు. పిల్లల్లేని ఆ ఇంట్లో వాటితోనే ఆమె కబుర్లన్నీ.

చలికాలంలోనే కోడలి చెల్లెలికి పురుడు వచ్చింది. కొడుకూ కోడలూ తొమ్మిది రోజుల పాటు ఊరెళ్లాలి.

"మావయ్యగారూ, మీరు మేత వేస్తే చాలు. మిగతాది డబ్బా చూసుకుంటుంది."

"డబ్బా చూసుకుంటుందా? మరి నేనెందుకమ్మా, గుమ్మానికి దిష్టిబొమ్మనా?"

వాళ్ల ఆటో వీధి మలుపు తిరగకముందే పెద్దాయన మఖమల్ పెట్టె తెరిచాడు. అందులో రిటైరైన రోజు పనివాళ్లంతా చందాలేసుకుని ఇచ్చిన థర్మామీటర్ ఉంది. పైకొసకు చుట్టిన బంగారు రిబ్బన్ కూడా విప్పకుండా దాచుకున్నాడు. ఎంత తిట్టినా చివరికి తన విలువ తెలుసుకున్నారు వెధవలు, అని దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు ఛాతీ ఉప్పొంగుతుంది.

దాన్ని తొట్టిలో ముంచాడు. ముప్పై రెండు!

డబ్బా మీద చూస్తే ఇరవై తొమ్మిది.

ఆనందం పట్టలేక వెంటనే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చేపల్ని ఉడకబెడుతున్నావు! నీ డబ్బా మూడు డిగ్రీలు తప్పు!"

"ఐసులో పెట్టి చూశాను కదండీ. మీదాన్ని కూడా ఒక్కసారి ఐసులో పెట్టి చూస్తారా?"

"నా థర్మామీటర్‌కి పరీక్షా? అదీ నువ్వు చెబితే!"

ఫోన్ పెట్టేసి, జేబులోని కలం తీసి, డబ్బా మూత మీద గీకాడు: 'మూడు డిగ్రీలు తక్కువ చూపుతుంది. పనికిరాదు.' కింద సంతకం. ఆరేళ్ల తర్వాత మళ్లీ పనిలో చేరినట్టనిపించింది. డబ్బా తీగలు పీకేసి, హీటర్ స్విచ్ తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇక ఆ ముసలి ప్రాణానికి కూర్చోను తీరిక లేదు. గంటకోసారి థర్మామీటర్ ముంచడం, ఇరవై తొమ్మిది దాటితే హీటర్ ఆపడం, తగ్గితే వేయడం. అంకెలన్నీ నోటు పుస్తకంలో ఎక్కించాడు. ఒక్క గీత తేడా రానివ్వలేదు.

నాలుగో రోజుకు చేపలు నల్లబడ్డాయి. అయిదో రోజు మేత ముట్టలేదు. రెండూ ఒక మూల ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. "ఆ డబ్బా చేసిన పాపం ఇప్పుడు బయటపడుతోంది" అని పళ్లు నూరాడు పెద్దాయన. ఎనిమిదో రోజు ఒకటి పక్కకు ఒరిగి తేలింది.

తొమ్మిదో రోజు కోడలు చెప్పులైనా విప్పకుండా తొట్టి దగ్గరికి పరుగెత్తింది. చచ్చిన చేపను చూసింది. మూల నక్కిన రెండోదాన్ని చూసింది. మూత మీది గీతల్ని చదివింది. మెల్లగా నీళ్లలో చెయ్యి పెట్టింది.

"నీళ్లు చల్లగా ఉన్నాయి, మావయ్యగారూ."

"చల్లగానా! నీ చేతికేం తెలుసు? రెండు చేతులూ దండగే నీకు!" పెద్దాయన థర్మామీటర్‌ను నీళ్లలోంచి లాగి ఆమె ముఖం ముందు ఆడించాడు. "చదువు! ఇరవై తొమ్మిది! నీ డబ్బా చంపింది దాన్ని. ఆ రెండోదైనా మిగిలిందంటే నా వల్ల!"

కోడలు థర్మామీటర్ అందుకుంది. కిందనుంచి పైకి చూసుకుంటూ వెళ్లి, పైకొస దగ్గర ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, దాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూశాడు.

తొమ్మిది రోజులు తడిసిన బంగారు రిబ్బన్ ఊడి జారిన చోట, గాజు మీద, తన సొంత చేతిరాతలో, తన సంతకంతో సహా ఉంది: 'మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. పనికిరాదు.'