రాళ్లు పెట్టినవాడు

"తీస్తవా, నన్నే తియ్యమంటవా?"

తారాచంద్ జవాబు చెప్పేలోపే రత్తయ్య కాలు లేచింది. బిచ్కుంద రోడ్డు మీద తారాచంద్ ఆరబోసిన వడ్లకుప్ప చుట్టూ పేర్చిన రాళ్లను ఒక్కొక్కటే తన్నడం మొదలుపెట్టాడు. చెప్పు తెగింది. బొటనవేలు చితికి నెత్తురొచ్చింది. అయినా ఆగలేదు. తన్నినా కదలని రాళ్లను ఎత్తి కాలువలోకి విసిరాడు.

"నా బిడ్డ సచ్చిన రోడ్డు మీద మళ్ల రాళ్లు పెట్టనీకి మనసెట్ల ఒచ్చిందిరా నీకు?"

"తప్పయింది అన్నా. ట్రాక్టర్లు వడ్లు తొక్కుతున్నయని పెట్టిన. గిప్పుడే తీసేస్త."

తారాచంద్ తల ఎత్తలేదు. తండాలో ఎవరి మాటా పడే మనిషి కాదు. రత్తయ్య ఎదుట మాత్రం ఏడాదిగా గొంతు పెంచడం లేదు. ఆ మెతకదనం చూస్తే రత్తయ్యకు ఒళ్లు ఇంకా మండిపోతుంది. తిరగబడి నాలుగు తిట్టినా బాగుండు.

సరిగ్గా ఏడాది కిందట, ఇలాగే యాసంగి కోతల్లో, పొద్దుగూకే వేళ హేమలత స్కూటీ ఈ రోడ్డు మీదే వడ్లకుప్ప చుట్టూ పెట్టిన రాళ్లకు తగిలి పల్టీ కొట్టింది. బాన్సువాడ మందుల షాపులో పని ముగించుకుని ఇంటికి వస్తోంది. ఇరవై రెండేళ్ల పిల్ల. కుప్ప మీద కప్పిన నల్ల పట్టా, చుట్టూ నల్ల రాళ్లు, కింద నల్ల రోడ్డు. ఆ మసకలో ఎవరికి మాత్రం కనిపిస్తుంది? దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఈ ఏడాది రత్తయ్య తన మడి బీడు పెట్టేశాడు.

పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని పోయారు. ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు ఆ రాళ్లు పెట్టిన మనిషిని నిలదీయలేదు. పైగా ఆ మనిషి చావింట్లో అందరి మధ్యా కూర్చుని ఏడిస్తే, వచ్చిన ప్రతివాడూ భుజం తట్టాడు! బతిమాలి ఇంత అన్నం కూడా తినిపించారు! అది తలచుకుంటే రత్తయ్యకు ఊరి మీదే అసహ్యం వేస్తుంది.

కుంటుకుంటూ ఇంటికి వచ్చేసరికి భార్య భాగ్యవతి చర్చికి బయలుదేరబోతోంది. వేలు చూసి, పాత చీర ముక్క చించి కట్టు కట్టింది.

"ఎన్నొద్దులు గిట్ల? ఆ దినం మొగులైంది. వడ్లు తడుస్తయని ఆగమాగంల పెట్టినయి గా రాళ్లు. బిడ్డ మీద పగతోని పెట్టినయా? ఇగ మాఫ్ చెయ్యరాదు."

"పగ లేకుంటే బిడ్డ లేసొస్తదా?"

"రాదు. కన్నతల్లిని, నాకు లేదా కడుపుకోత? నేను చెయ్యలేదా మాఫ్?"

"నువ్వు చేస్తవు. నీ గుండె గసోంటిది. నాది కాదు."

ఈస్టరు ముందటి తపస్సుకాలం చివరికొచ్చింది. ఆ సాయంత్రం చర్చిలో సిలువ మార్గం ప్రార్థన. రత్తయ్య వెనుక బెంచీలో కూర్చున్నాడు. ఏడాదిగా అతను పూజలో ఇచ్చే సత్ప్రసాదం ముట్టలేదు. పరలోక జపంలో క్షమించే మాట దగ్గరికి రాగానే నోరు బిగించుకుంటాడు. కడుపులో ఒకటి పెట్టుకుని నోటితో మరొకటి చెప్పడం అతనికి చేతకాదు.

ప్రార్థన ముగిశాక ఫాదర్ ఇన్నయ్య అందరికీ తలా ఒక కాగితం చీటీ పంచారు. పీఠం ముందు ఇనుప మూకుడులో బొగ్గులు రాజుకుంటున్నాయి.

"మీరు క్షమించలేకపోతున్న మనిషి చేసిన తప్పు రాయండి. కింద ఆ మనిషి పేరు రాయండి. ఎవరూ చదవరు. క్షమించగలిగితేనే ఈ నిప్పులో వేయండి. లేదంటే జేబులో పెట్టుకుని వెళ్లిపోండి. మనసులో లేని క్షమ దేవుడికీ అక్కర్లేదు."

ఒక్కొక్కరే లేచారు. భాగ్యవతి వేసింది. తారాచంద్ కూడా వేశాడు. రత్తయ్య కాగితం చిరిగిపోయేంత గట్టిగా రాసి, మడిచి, పిడికిట్లో బిగించి కూర్చున్నాడు. జనం వెళ్లిపోయారు. భాగ్యవతి గుమ్మం బయట నిలబడింది. ఫాదర్ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏడాదైంది రత్తయ్యా. దేవుడు ఆ మనిషిని ఎప్పుడో క్షమించాడు."

"దేవుడెవరు ఫాదర్, మాఫ్ చెయ్యనీకి? సచ్చింది నా బిడ్డ!"

ఆ అరుపుకు గుమ్మం దగ్గర భాగ్యవతి ఉలిక్కిపడింది. ఫాదర్ మాత్రం కదలలేదు.

"ఆయన బిడ్డనూ చంపారు కదయ్యా. చంపినవాళ్లను క్షమించమని ఆ బిడ్డే అడిగాడు."

"గది దేవుడు. నేను మనిషిని. వాడు తింటుండు, పంటుండు, ఊపిరి తీస్తుండు. నా బిడ్డ మట్టిల ఉన్నది. రోజూ పొద్దుగాల వాని మొఖం చూసుడైతుంది. ఉమ్మెయ్యాలనిపిస్తది ఫాదర్."

"హేమలత ఉంటే ఏమనేది?"

రత్తయ్య దవడలు బిగుసుకున్నాయి.

"ఒక్క మాట అనకుండ మాఫ్ చేస్తుండె. గదే ఫాదర్, గదే నాకు సైస్తలేదు!"

విసురుగా లేచాడు. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ మూకుడు దగ్గరికి వెళ్లి, నిప్పుల మీదికి చెయ్యి చాపాడు. సెగకు చర్మం చురుక్కుమంటోంది, వేళ్లు మాత్రం చీటీని విడవడం లేదు. ఫాదర్ పక్కన వచ్చి నిలబడ్డారు. రత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుని, మడత విప్పి, తను రాసినది మరోసారి చదువుకున్నాడు.

'బిచ్కుంద రోడ్డు మీద రాళ్లు పెట్టి నా బిడ్డను సంపిండు.'

కింద ఉన్న పేరు రత్తయ్య.