ఒకటికి ఎనిమిది పడదు

"ఒకటికి ఎనిమిది పడదు. పడదంటే పడదు. ఆ లిఫ్టు మెకానిక్కుగాణ్ణి మర్చిపో" అంటూ సంఖ్యాశాస్త్రిగారు టీలో మునిగిపోయిన బిస్కెట్టు ముక్కని వేలితో తోడి నోట్లో వేసుకున్నారు. ఆ వేలితోనే రిజిస్టరులో పేజీ తిప్పారు.

కూతురు గుమ్మంలోనే నిలబడింది. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది.

"నాన్నా, నాలుగింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. నా తరఫున అమ్మ సాక్షిగా రావాలి. మిమ్మల్ని రమ్మనడం లేదు. అమ్మని ఆపకండి, అంతే చాలు."

"అంకె చెప్పేది వినవే! నువ్వు పుట్టింది పదో తారీఖు. ఒకటీ సున్నా కలిస్తే ఒకటి. అచ్చం నాలాగే. వాడిది ఇరవయ్యారు. రెండూ ఆరూ ఎనిమిది. ఎనిమిదితో కాపురం చేసి బాగుపడ్డ ఒకటిని నేనింతవరకూ చూళ్ళేదు."

"నాలుగేళ్ళుగా తెలుసు నాన్నా నాకతను. ఎలాంటివాడో నాకు తెలీదా?"

"ఏం తెలుసే నీకు? మూడు వేల మంది పుట్టిన తేదీలు నాకు నోటికొచ్చు. పళ్ళ డాక్టరుది, ఇస్త్రీవాడిది, ఆఖరికి పైవాటా వాళ్ళ కుక్కది కూడా. ఏడో తారీఖు! అందుకే అది అరవదు, కరవదు. నువ్వా నాకు చెప్పొచ్చేది?"

ఛీ! కన్నకూతురు బతిమాలుతుంటే మధ్యలో కుక్క గొడవ.

ఆయన కర్టెన్ వైపు తిరిగి గొంతు పెంచారు. "ఏమే, వింటున్నావా? సంతకం పెడతానని ఈ గడప దాటావో, మళ్ళీ లోపలికి రానక్కర్లేదు!"

అవతల భార్య ఎవరిదో తేదీ చీటీ మీద రాసుకుంటోంది.

కర్టెన్ అవతల ముందుగదిలో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. వచ్చినవాళ్ళు అక్కడే కూర్చుని తమ తేదీలు ఆవిడకి చెబుతారు. ఆవిడ చీటీ మీద రాసి లోపలికి తెస్తుంది. పేర్లుండవు, మొహాలుండవు. మొహం చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే అంకె తప్పుతుంది అంటారీయన. జాలి పుట్టడమట, ఈయనకి! చీటీ మీద ఎర్ర పెన్నుతో ఒక ముక్క గీకి, గుండ్రటి ముద్ర గుద్ది బయటికి పంపిస్తారు. కిందటి వారం మొగుణ్ణి వదిలెయ్యమన్న ముద్ర చీటీ పట్టుకుని ఒక బాలింత పసిగుడ్డుతో పుట్టింటికి పోయింది. ఈయన ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని, గుర్రుపెట్టి నిద్రపోయారు. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది.

కర్టెన్ కదిలింది. భార్య రెండు చీటీలతో లోపలికొచ్చింది. కూతురి వైపు చూడలేదు. మొదటి చీటీ బల్ల మీద పెట్టింది.

"నాలుగూ ఆరూ. ఫరవాలేదు, చేసుకోమను. పిల్ల పేరులో ఒక అక్షరం పెంచుకోవాలి." ముద్ర పడింది. "ఇదేమిటి, రెండో దాంట్లో ఒక్క తేదీయే రాశావు?"

"ఇది ఆవిడది. పదిహేడో తారీఖు. భర్తది ఒకటో నంబరట. అదైతే ఖాయమంది."

సంఖ్యాశాస్త్రిగారి కళ్ళు మెరిశాయి. కుర్చీలో అటు తిరిగి కూతురికి చీటీ ఊపి చూపించారు.

"చూడవే, చూడు! ఒకటీ ఏడూ ఎనిమిది. మొగుడు ఒకటి. నేను చెబితే వినవుగా, ఇదిగో సాక్ష్యం, నడుచుకుంటూ ఇంటికొచ్చింది! ఎన్నేళ్ళయిందట పెళ్ళయి?"

"ఇరవయ్యారు" అంది భార్య.

"అయ్యో పాపం, ఆ మగాడు! ఇరవయ్యారేళ్ళుగా శనిని ఇంట్లో పెట్టుకుని తిండి పెడుతున్నాడన్నమాట." పళ్ళలో ఇరుక్కున్నదేదో గోటితో లాగి, చూసుకుని, కర్టెనుకి తుడిచారు. "ఇంతకీ ఏం కావాలిట ఆవిడకి?"

"ఇకనైనా విడిగా ఉండొచ్చా అని."

"ఉండొచ్చా ఏమిటే, ఉండి తీరాలి! ఈ రోజే, పొద్దుగూకే లోపు ఇల్లు వదిలి పోవాలి. ఆవిడక్కడుంటే ఆ ఇంట్లో పిల్లల పెళ్ళిళ్ళు కూడా జరగవు."

"అదే రాసివ్వండి. ముద్ర కూడా వెయ్యండి. మొగుడు అడ్డం పడతాడని భయపడుతోంది."

"నా ముద్ర చూశాక కూడానా? నోరెత్తితే నన్నడుగు."

ఎర్ర పెన్ను బరబరా నడిచింది. ముద్ర బల్ల అదిరేలా పడింది. భార్య చీటీ అందుకుని, సిరా ఆరేదాకా ఊది, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అప్పుడు గానీ ఆయన గమనించలేదు, ఆవిడ భుజానికి హ్యాండ్‌బ్యాగుందని, కాళ్ళకి చెప్పులున్నాయని.

"పదవే, నాలుగవుతోంది" అంది కూతురితో.

"ఎక్కడికి? బయట ఆవిడకి ఇవ్వాల్సిన చీటీ నీ బ్యాగులో వేసుకుంటావేం? అసలు ఎవరిదే ఆ తేదీ?"

కర్టెన్ పక్కకి తీసి, కూతుర్ని ముందు పంపి, ఆవిడ వెనక్కి తిరిగింది.

"పైవాటా వాళ్ళ కుక్క ఎప్పుడు పుట్టిందో నోటికొచ్చు మీకు. ఇది నాదండీ."