రావమ్మ కార్డు

“కార్డు వెతకడానికి మీకు పది నిమిషాలు పడుతోంది. మా యంత్రానికి రెండు క్షణాలు చాలు!”

చంకలో చుట్టిన ప్లాను కాగితాలతో సొలొమోను గాల్లో తేలిపోతున్నాడు. బెజవాడలోని ఆ మిషను ఆసుపత్రికి బొంబాయి నుంచి కార్డులకు పొడిచిన చిల్లులను బట్టి పేర్లు వెతికిపెట్టే యంత్రం తెప్పించడం అతని మొట్టమొదటి కాంట్రాక్టు. పన్నెండింటికి మేడమీద పెద్ద డాక్టరుగారి గదిలో సంతకాలు.

ఇరవయ్యేళ్లుగా రోగుల కార్డులు చూస్తున్న అమలమ్మ నవ్వింది.

ఇంతలో కిటికీ దగ్గరికి జ్వరంతో ఒకామె వచ్చింది. “రావమ్మండి, కంకిపాడు. పోయినేడు ఇక్కడే చూపించుకున్నానండి.”

ఎంత వెతికినా రావమ్మ పేరుతో కార్డు లేదు.

“కొత్తది రాసేయండి” అన్నాడు సొలొమోను.

“ఉండు బాబూ. ఏమ్మా, అప్పుడు నీ పేరు ఎవరు రాయించారు?”

“మా అత్తగారండి.”

“ఆవిడ నిన్నేమని పిలుస్తుంది?”

“బుజ్జమ్మా అంటదండి.”

బుజ్జమ్మ కార్డు దొరికింది. దానిమీద ఎర్రసిరాతో రాసి ఉంది: పెన్సిలిన్ పడదు.

సొలొమోను ఆ ఎర్రసిరా మాటలు రెండుసార్లు చదివాడు. తన యంత్రమైతే రెండు క్షణాల్లో ‘లేదు’ అనేసేది.

“ఇలాంటివాళ్లు ఎంతమంది వస్తారండీ?”

“రోజుకి పాతికమంది.”

“డాక్టరుగారికి తెలుసా?”

“ఆలస్యమవుతోందని తెలుసు. ఎందుకవుతోందో ఎవరూ అడగలేదు.”

తన ‘రెండు క్షణాల’ గొప్పలు తలచుకుని అతనికి పట్టరాని నవ్వొచ్చింది. అది అమలమ్మకీ, జ్వరంలో ఉన్న రావమ్మకీ కూడా అంటుకుంది. సొలొమోను నవ్వుతూనే మెట్లు రెండేసి చొప్పున ఎక్కి డాక్టరుగారి గదిలోకి దూసుకెళ్లాడు.

“సంతకాలు తర్వాతండీ! ముందు నాకో కుర్చీ వేయించండి.”

“ఎక్కడయ్యా?”

“అమలమ్మగారి పక్కనండీ. ఓ నెల్రోజులు ఆవిడ అడిగే ప్రశ్నలు నేర్చుకోవాలి.”