ఓటమి ఎరుగని లకుముకి

"ముంగిస నూకాలూ! నూకాలూ! నూకాలూ!" కాకి బంట్రోతు మూడుసార్లు పిలిచింది. బాతు గుడ్లు తిన్న నేరం రుజువైతే నూకాలు పిల్లలతో సహా చెరువు విడిచి పోవాలి.

ప్రాసిక్యూటరు లకుముకి పిట్ట గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క కేసూ ఓడలేదు. ఇదీ గెలిస్తే అడవికంతటికీ పెద్ద ప్రాసిక్యూటరు ఆయనే.

"నీ తరఫున చెప్పేవాళ్లున్నారా?" అడిగారు తాబేలు జడ్జిగారు.

"ఈయనున్నారుగా బాబూ," అంది నూకాలు, లకుముకిని చూపిస్తూ. "నిజం చెప్పడం ఈయన పనేగా!"

చెరువంతా పకపకా నవ్వింది. లకుముకి నవ్వలేదు. తామరపూల మీద ఎండ మెరిసింది. తొలిసారి నల్లకోటు వేసుకున్న రోజులాగే ఆయన గుండె తియ్యగా దడదడలాడింది.

"అయ్యా, బాతు గూటి పక్క బురదలో పాము జాడ చూశాను. కేసు ఓడిపోతానని దాచాను."