ఆరోగ్యవంతుడి రక్తం

"గోళ్లు చూపించు."

కొత్తమ్మాయి తొడుగులు విప్పి చేతులు చాపింది. గోళ్ల అంచుల్లో సన్నటి నల్లగీత. రోజూ పొద్దున్నే నాన్న సైకిల్ రిపేరు కొట్లో ఓ గంట పనిచేసి ల్యాబుకొస్తుంది. సబ్బు ఎంత అరిగినా గ్రీజు పోదు.

పెద్ద సార్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ చేతులతోనా రక్తం ముట్టుకునేది?"

"తొడుగులు వేసుకునే సార్."

"తొడుగు లోపల కూడా మురికి మురికే."

జన్యు పరీక్షలు చేసే ఆ ల్యాబులో వెనకాల అందరూ ఆయన్ని స్పిరిట్ సార్ అంటారు. గంటకోసారి బల్ల స్పిరిట్‌తో తుడుస్తాడు. ఆయన కప్పుకీ, పెన్నుకీ, అన్నం డబ్బాకీ, కుర్చీ చేతికీ రెండేసి చుట్లు నీలం టేపు ఉంటుంది. ఎవరూ ముట్టుకోకూడదని దానర్థం. ఓసారి అటెండరు పొరపాటున ఆ కప్పులో టీ తాగితే, ఆయన కప్పుని కడగలేదు, చెత్తబుట్టలో వేశాడు.

గొడవంతా ఏడో నంబరు గొట్టం గురించి. రోగుల రక్తం పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. అందుకని సంవత్సరం మొదట్లో స్టాఫు పన్నెండుమందీ తలో గొట్టం ఇచ్చారు. పేర్లు లేవు, నంబర్లే; అవీ గొట్టాలన్నీ కలిపేశాక వేసినవే. ఎవరిది ఏదో ఎవరూ అడగకూడదు, తెలిసినా చెప్పకూడదు. ఆ షరతు రాసింది పెద్ద సారే. ఈ నెల వంతు ఏడోదానికి వచ్చింది. శుభ్రంగా ఉండాల్సిన ఆ రక్తంలో జన్యువు పాడై కనిపించింది.

"మళ్లీ చేశావా?"

"మూడుసార్లు సార్. ప్రతిసారీ అదే వస్తోంది."

"రాక చస్తుందా? ఎవడో రోగి గొట్టం తెచ్చి ఆ చోట పెట్టుంటావు. అసలు ఈ జన్యువు ఏం చేస్తుందో తెలుసా నీకు?"

"కణం అదేపనిగా పెరగకుండా ఆపుతుంది సార్. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఇందులో ఒక ప్రతిలో అక్షరం తప్పింది. అందుకే జన్యువు సగమే పనిచేస్తోంది." కాస్త ఆగి, "సైకిలుకి రెండు బ్రేకుల్లో ఒకటి తెగినట్టు," అంది.

"నీ సైకిళ్ల గోల ఇక్కడెందుకు?"

"రెండో బ్రేకు ఉన్నంతవరకూ ఫరవాలేదు కదా సార్?"

"అదీ తెగిందంటే పేగులో క్యాన్సర్. పుట్టుకతో వచ్చిన దరిద్రం."

"ముందే తెలిస్తే?"

"తెలిస్తే ఏటేటా పేగు పరీక్ష చేయించుకుని బతికి బట్టకడతాడు. నీకెందుకు ఇవన్నీ?"

"ఊరికే సార్. గొట్టం ఒక్కసారి మీరే చూస్తే బాగుంటుంది."

ఈ మాట అనడం పొద్దుట్నుంచి నాలుగోసారి. ఆయనకి ఒళ్లు మండింది. అందరి రక్తం గడ్డకట్టి ఉన్న ఆ ఫ్రీజరు తలుపంటేనే ఆయనకి ఏవగింపు. దాని మొహం చూసి ఏడాదవుతోంది.

"మా నాన్నా పేగు క్యాన్సర్‌తోనే పోయాడు, మా అక్కా పోయింది. ఆయన చుట్టలు, ఈవిడ బజారు తిండి. మురికి లోపలికెళ్తే ఇంతే. యాభై ఏళ్లొచ్చాయి, నాకు జలుబన్నా చేసిందా?"

అమ్మాయి తలదించుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి, దొరికిపోయానని భయం పట్టుకుందనుకున్నాడు. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమె. ఈ ఉద్యోగం పోతే మళ్లీ గ్రీజు డబ్బానే గతి. అయినా ఆయనకి జాలి కలగలేదు. కూర్చుని కాగితం మీద రాశాడు: 'అపరిశుభ్రత. నిర్లక్ష్యం. గొట్టాలు తారుమారు చేసినది. తక్షణం తొలగించవలెను.'

"చదువుకో. సంతకం పెట్టు."

చదివింది. గొట్టం తను మార్చలేదని మాత్రం అంది, మెల్లగా. తర్వాత సంతకం పెట్టింది. బల్ల మీదున్న ఆయన పెన్నుతో కాదు, తన పెన్నుతో.

డైరెక్టరుకి ఫోన్ చేస్తే, "సాక్ష్యం లేకుండా ఎలాగండీ? ఆ గొట్టం కూడా పట్టుకురండి," అన్నాడు.

"నేను తెస్తాను సార్," అంది అమ్మాయి. వెంటనే, "వద్దులెండి, మీరే తీయండి," అంది.

"నువ్వు ముట్టుకుంటే ఇంకా నయం, సాక్ష్యం కూడా మాయమవుతుంది."

ఒకదాని మీద ఒకటి రెండు జతల తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి ఫ్రీజరు తెరిచాడు. అమ్మాయి ఎందుకో ఒక కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసి, దాన్ని పట్టుకుని నిలబడింది.

ఏడో అరలో గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పైకి తీసి, బొటనవేలితో మంచు తుడిచాడు.

గొట్టం చుట్టూ నీలం టేపు, రెండు చుట్లు.